మంగాయమ్మగారి పెరట్లో మునసబూ కరణమూ

మొగలిరేవు పురపాలక సంఘం పుట్టాక ఒక అర్జీకి మూడు గంటల్లో పర్మిషను రావడం ఒక్కసారే జరిగింది. అది కడలి మంగాయమ్మగారికి జరిగింది. దాన్నుంచి తేరుకోడానికి ఆవిడకి పదకొండు నెలలు పట్టింది.

నేను ఆవిడ మేడమీది వాటాలో అద్దెకుండే డ్రాయింగు మాస్టారిని. మా మెట్లమీద నిలబడితే పెరడంతా కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి చెబుతున్నాను. నమ్మడం, మానడం మీ ఇష్టం. నేను దగ్గరుండి చూసి కూడా పూర్తిగా నమ్మలేదు.

మంగాయమ్మగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగంమందిని భూమ్మీదకి లాగింది ఆవిడే. తక్కిన సగానికీ సూదులు పొడిచారు. ఈ హడావిడిలో పెళ్ళి చేసుకునే తీరిక దొరకలేదంటారు. ఓ ఆదివారం పులుసుకని నాలుగు వాలుగ పిల్లలు కొన్నారు. ఇంటికొచ్చి పళ్ళెంలో వేస్తే అందులో రెండు కదిలాయి. జానెడు కూడా లేవు, మీసాలు మాత్రం ఊపుకుంటూ ఆవిడకేసి చూశాయి. ఊపిరాడుతున్నదాన్ని చూస్తే ఆవిడ చెయ్యి కత్తిపీట మీదికి పోదు, నీళ్ళ చెంబు మీదికి పోతుంది. రెంటినీ పెరట్లో సిమెంటు గోళెంలో వదిలేశారు. ఆ పూట పప్పు వండుకున్నారు.

రెండేళ్ళు రొయ్య తలకాయలూ, కోడి కార్జాలూ తిని ఆ రెండూ ఒక్కోటి ఆవిడ చెయ్యంత పొడుగయ్యాయి. లావుగా, మీసం మెలేసినట్టుండేదానికి మునసబు అనీ, సన్నగా పక్కచూపులు చూసేదానికి కరణం అనీ పేర్లు పెట్టారు. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే చాలు, రెండూ పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. ఆ నోళ్ళు చూస్తే నాకు భయం, ఆవిడకి ముద్దు.

గోళెంలో మునసబు ఇటునుంచి అటు తిరగాలంటే కరణం కాస్త ఒత్తిగిల్లి దారివ్వాల్సి వచ్చేది. ఓ రోజు మునసబు మూతిమీద పుండు పడింది. మంగాయమ్మగారు ఊదారంగు మందు పూసి, చేతులు కడుక్కుని, మెట్లకేసి చూసి అన్నారు.

"ఇంక లాభం లేదు మాస్టారూ. వీళ్ళకి పెద్దిల్లు కట్టాలి. మీరో బొమ్మ గీసి పెట్టండి."

పన్నెండడుగుల పొడవు, పది వెడల్పు, అయిదు లోతు. ఓ మూల నీడకి తామరాకులు. గీసిచ్చాను.

పురపాలక నిబంధనల ప్రకారం మూడడుగులు మించి ఏది తవ్వినా ముందస్తు అనుమతి కావాలి. వీధిలో అందరూ, గప్‌చిప్‌గా తవ్వేసుకోండి అని చెప్పారు. పక్కింటి గుత్తుల వరహాలమ్మగారయితే, "మా సెప్టిక్ ట్యాంకు తవ్వినప్పుడు ఎవడొచ్చి అడిగాడమ్మా?" అని ధైర్యం కూడా చెప్పారు.

"ముప్ఫయ్యొక్కేళ్ళు గవర్నమెంటు సూది పొడిచాను వరహాలూ. డాక్టరుగారు రాయకుండా ఒక్కటీ పొడవలేదు," అన్నారు మంగాయమ్మగారు. నన్ను తోడు తీసుకుని ఆఫీసుకి బయల్దేరారు.

ఏడో నంబరు సీటులో ఉన్న గుమాస్తా ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ చేతుల్లో పుట్టినవాడే. మళ్ళీ కూర్చుని కంప్యూటరు ముందుకి లాక్కున్నాడు.

"తవ్వకం ఏ నిమిత్తమండి?"

"చేపలకి బాబూ."

"అమ్ముతారా?"

"అమ్మను."

"తింటారా?"

మంగాయమ్మగారు చెవులు మూసుకున్నారు.

"అమ్మరు, తినరు. మరి అవేం చేస్తాయండీ?"

"ఏం చేస్తాయి? ఉంటాయి."

గుమాస్తా కిందికీ పైకీ వెతికాడు. "'ఉంటాయి' అన్నది ఇందులో లేదమ్మా. పునాది, బోరు, సెప్టిక్ ట్యాంకు, చెరువు. ఈ నాలుగే ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కితేగాని ముందుకి కదలదు."

"సెప్టిక్ ట్యాంకులో నా పిల్లల్ని ఎలా వేస్తానురా? చెరువు నొక్కు."

నొక్కాడు. తర్వాత విస్తీర్ణం ఎకరాల్లో అడిగింది. నూట ఇరవై చదరపుటడుగులు ఎకరంలో ఎంతో నేను కాగితం మీద వేసి చెప్పాను. చుక్క, రెండు సున్నాలు, రెండు, ఏడు. కంప్యూటరు దాన్ని మింగి సున్నా కక్కింది. సున్నా విస్తీర్ణంగల చెరువు చెల్లదని ఎర్రక్షరాలు చూపించింది.

"ఒకటి అని వేసేస్తానండీ, తర్వాత దిద్దుకోవచ్చు," అన్నాడు గుమాస్తా. వేసేశాడు. అలా మంగాయమ్మగారి మూడు సెంట్ల స్థలంలో ఎకరం చెరువు వెలిసింది.

మేం ఇంటికొచ్చి అన్నాలు తిని చేతులు కడుక్కునేసరికి వాకిట్లో బంట్రోతు అనుమతి పత్రం పట్టుకుని నిలబడ్డాడు. దాని వెనకే బాజాలు వినిపించాయి.

సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ ఏడు పైనుంచి 'ఊరికో కొత్త చెరువు' అనే ఉద్యమం వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ గడువులోగా ఒక నూతన చెరువును సృష్టించి చూపించాలి. మొగలిరేవులో సిమెంటు వెయ్యని చోటు దేవుడి గర్భగుడిలో కూడా లేదు. మా కమిషనరు గంధం శశిభూషణంగారిని వారంవారం వీడియోలో కూర్చోబెట్టి తిడుతున్నారు. గడువు ఇంకా ఒక్క రోజుంది. ఆ పరిస్థితిలో ఏడో సీటునుంచి ఒక ఎకరం చెరువు తనంతట తాను లేచి ఆయన టేబులు మీదికొచ్చింది.

శశిభూషణంగారు పూలదండతో, ఫొటోగ్రాఫరుతో, పాతిక మంది సిబ్బందితో పెరట్లోకి వచ్చారు. తవ్వకం ఇంకా మొదలవలేదు. అరటి చెట్టు పక్కన గోళెం ఒక్కటే ఉంది. ఆయన దానికి వీపు పెట్టి మైకందుకున్నారు.

"పౌరులారా! జలమే జీవము, జీవమే జలము అను మహత్తర లక్ష్యసాధనలో భాగంగా, సదరు శ్రీమతి..."

"కుమారి," అన్నారు మంగాయమ్మగారు.

"...సదరు కుమారి మంగాయమ్మగారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి తమ సొంత స్థలంలో ఎకరం చెరువును పట్టణ ప్రజలకు అంకితం చేయుట యావన్మందికీ ఆదర్శప్రాయము, అనుసరణీయము, అభినందనీయము!"

"ప్రజలకా?" అన్నారు ఆవిడ నాకేసి తిరిగి. "నేను మునసబుకీ కరణానికీ కదా తవ్విస్తున్నది!"

చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. శిలాఫలకం మర్నాడే పాతారు. చెరువు దాని తర్వాత పదిరోజులకి తవ్వారు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి నెల మహా సంబరంగా గడిచింది. నీళ్ళు నిండాక మంగాయమ్మగారు తడి దుప్పట్లో చుట్టి ఒక్కోదాన్నే ఎత్తుకొచ్చి వదిలారు. మునసబు రెండు నిమిషాలు కదలకుండా ఉండి, ఒక్కసారి తోక విదిల్చి ఆ చివరనుంచి ఈ చివరకి బాణంలా పోయింది. కరణం దాని వెనకే. ఆవిడ గట్టుమీద కూర్చుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అరవై మూడేళ్ళ మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత చెరువుకి రావలసిన హంగులు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

మొదట ప్రమాద సూచిక బోర్డు వచ్చింది. 'లోతు అధికము. ఈత నిషిద్ధము. పశువులను కడుగరాదు.' బోర్డు పొడుగు చెరువు వెడల్పుకి సరిపోయింది.

తర్వాత రక్షణ పడవ వచ్చింది. ఎకరం చెరువుకి ఒక పడవ ఉండాలట. పడవ పదడుగులుంది. నీళ్ళలో దింపితే నీళ్ళు బయటికొస్తాయి, చేపలు కిందికి పోతాయి. మోసుకొచ్చిన ఎనిమిదిమందీ వెనక్కి తీసుకెళ్ళే ఆర్డరు లేదని దాన్ని గోడకి నిలబెట్టి పోయారు. ఆవిడ దాని కింద బీర విత్తనాలు పెట్టారు.

మూడోది లస్కరు నూకరాజు. అతనికి యాభై దాటాయి. పంతొమ్మిదేళ్ళు మురుగుకాలవల సెక్షన్లో పనిచేసి చెరువు కాపలాకి బదిలీ అయ్యాడు. ఖాకీ చొక్కా, మెళ్ళో ఈల, చేతిలో కర్ర.

"నీ డ్యూటీ ఏమిటి నాన్నా?" అనడిగారు మంగాయమ్మగారు.

"ఆయ్, చెరువుని చూడ్డమండి."

"ఎంతసేపు?"

"ఎనిమిది గంటలండి."

ఆవిడ స్టూలు వేశారు. అతను కూర్చుని చూశాడు. రెండోరోజునుంచి వస్తూ వస్తూ కొబ్బరిచిప్పలో వానపాములు తేవడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి మునసబు అతని ఈలకి కూడా పైకొచ్చేది.

నాలుగో నెలలో జనాభా లెక్కలు అడిగారు. అంటే చెరువులో ఏమేం ఉన్నాయో రాసి పంపమని. నూకరాజు నిజాయితీపరుడు. 'మునసబు 1, కరణం 1' అని రాసి పంపాడు. పదిహేను రోజులకి పైనుంచి శ్రీముఖం వచ్చింది.

'మునసబు, కరణం పదవులు ఏనాడో రద్దయి ఉండగా, సదరు ఉభయులూ ఇంకనూ ఏ ప్రాతిపదికన కొనసాగుచున్నారు? వారిని తక్షణం విధులనుండి తప్పించి, ప్రస్తుతం ఎక్కడ ఉన్నారో తెలియజేయవలెను.'

నూకరాజు నాచేత జవాబు రాయించుకున్నాడు. 'సదరు ఉభయులూ నీటిలో ఉన్నారు.'

దానికి మళ్ళీ సంతాప సందేశం వచ్చింది.

ఇంతవరకూ మేం నవ్వుకున్నాం. సాయంత్రాలు వీధంతా మా పెరట్లోనే ఉండేది. వరహాలమ్మగారు పకోడీలు వేసుకొచ్చేవారు. ఏడో నెలలో కుసుమకుమారిగారు వచ్చారు.

కుసుమకుమారిగారు జలాశయ పరిరక్షణ విభాగం అధికారిణి. చెరువుల్ని పుట్టించేది కమిషనరుగారి ఆఫీసు, కాపాడేది ఈవిడ ఆఫీసు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, కాగితాలు పంపుకుంటారు. ఆవిడ లంచం ముట్టరు, కాఫీ కూడా పుచ్చుకోరు, నవ్వరు. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుంటే చెరువు గట్టునుంచి నాలుగు వైపులా కొలిచారు. గోడలు అడ్డొస్తే ఎక్కి దూకి కొలిచారు. వరహాలమ్మగారి వంటింట్లోంచి కూడా టేపు వెళ్ళింది. కొలత ముగిసిన చోటల్లా ఎర్ర రంగుతో గుర్తు వేశారు.

అప్పుడు నోటీసు చదివారు.

"చెరువు గట్టునుండి ముప్ఫై మీటర్ల పరిధిలో ఉన్న సమస్త కట్టడములూ ఆక్రమణలుగా పరిగణింపబడును. సదరు పరిధిలో పద్నాలుగు ఇండ్లు గలవు. పదిహేను దినములలో యజమానులు స్వయముగా తొలగించనియెడల ప్రభుత్వమే తొలగించును. ఒకటవ ఆక్రమణదారు: కడలి మంగాయమ్మ."

"ఏం ఆక్రమించానమ్మా?" అన్నారు మంగాయమ్మగారు.

"చెరువును."

"ఈ చెరువు నేనే తవ్వించాను కదా."

"అది మీ సత్ప్రవర్తన. ఇల్లు కట్టడం మీ దుష్ప్రవర్తన. రెండూ వేరువేరు ఫైళ్ళు."

"ఇల్లు కట్టి ముప్ఫై ఆరేళ్ళయింది. చెరువు తవ్వి ఆరు నెలలు. ఏది ముందు?"

కుసుమకుమారిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "చెరువు ప్రకృతి. ప్రకృతి ఎప్పుడూ ముందే."

నా పేర కూడా ఓ నోటీసు ఇచ్చారు. అందులో నన్ను 'మేడమీది ఆక్రమణదారు' అన్నారు.

"పోనీ, పూడ్చేస్తానమ్మా," అన్నారు మంగాయమ్మగారు. "రెండు బళ్ళ మట్టి తోలిస్తే సాయంత్రానికి చెరువుండదు."

"చెరువు పూడ్చుట మూడేళ్ళ కారాగార శిక్షకు అర్హమైన నేరం."

"చేపల్ని మళ్ళీ గోళెంలో వేసుకుంటాను."

"అవి ప్రకటిత జలాశయంలోని ప్రభుత్వ మత్స్య సంపద. తొలగిస్తే అక్రమ వేట."

కుసుమకుమారిగారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. పెరట్లో పద్నాలుగిళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. వరహాలమ్మగారు అక్కడ పెట్టిన తన పకోడీల పళ్ళెం తీసుకుని, ఇంకా సగం మిగిలుండగానే, గుమ్మం దాటుతూ అన్నారు.

"గప్‌చిప్‌గా తవ్వుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. రెండు చేపల కోసం పద్నాలుగు కొంపలు కూల్చావు కదే మంగా!"

మంగాయమ్మగారు ఆ మాటకి కూర్చుండిపోయారు. వరహాలమ్మగారి ముగ్గురు పిల్లలూ ఆవిడ చేతులమీద పుట్టినవాళ్ళే.

మర్నాడు కమిషనరుగారి దగ్గరికి వెళ్ళాం. శశిభూషణంగారు లేచి, ఎదురొచ్చి, మంచినీళ్ళిప్పించి, చెయ్యగలిగిందేమీ లేదని చెప్పారు.

"పట్టిక నుంచి చెరువును తీసెయ్యండి బాబూ. నూట ఇరవై చదరపుటడుగుల గొయ్యి అని రాసెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"రికార్డులో నిండిన చెరువు ఎండదమ్మా," అన్నారాయన. మైకులేకపోతే ఆయన గొంతు చాలా చిన్నది. సొరుగులోంచి ఫ్రేము కట్టిన కాగితం తీసి చూపించారు. చెరువు సృష్టించినందుకు పైనుంచి వచ్చిన ప్రశంసాపత్రం. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు వచ్చింది ఇదొక్కటే. మా ఆవిడ చూసి ఏడ్చింది. ఇప్పుడు అది గొయ్యి అని నేనెలా రాసేది?"

మంగాయమ్మగారు ఆ కాగితాన్ని చూశారు, ఆయన్ని చూశారు. "బీపీ చూపించుకున్నారా ఈమధ్య? కళ్ళకింద ఉబ్బుంది," అని చెప్పి లేచొచ్చేశారు.

వీధిలో వాళ్ళు సామాన్లు సర్దడం మొదలుపెట్టారు. ఆవిడ వైపు చూడ్డం మానేశారు. ఓ మధ్యాహ్నం ఆవిడ చెరువు గట్టుమీద కూర్చుని, పైకొచ్చిన మునసబుతో, "ఆ రోజే పులుసు పెట్టుకుని ఉంటే నాకీ గతి పట్టేదా?" అన్నారు. అనేసి చప్పున నోరు నొక్కుకుని, లోపలికెళ్ళి రెండింతలు కార్జం తెచ్చి వేశారు.

ఆ సాయంత్రమే మేడమీదికొచ్చారు. చేతిలో నోటీసు. దానికి వెనక కుట్టిన నిబంధనావళి అరవై నాలుగు పేజీలు.

"రోగం రాసిన డాక్టరే మందూ రాస్తాడు మాస్టారూ. మొత్తం చదువుదాం. మీకు చూపు బాగుంది, మీరు చదవండి. నేను వింటాను."

రెండు రోజులు చదివాను. పదిహేడో నిబంధన దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపారు. మళ్ళీ చదవమన్నారు. ఇంకోసారి చదవమన్నారు. తర్వాత పుస్తకం పట్టుకుని గబగబా మెట్లు దిగి నూకరాజు స్టూలు దగ్గరికెళ్ళారు.

"నూకరాజూ, నీ డ్యూటీ ఏమిటన్నావు?"

"చూడ్డమండి."

"కాదు నాన్నా. నీకెవరూ చెప్పలేదు. నీ డ్యూటీ ఇదిగో, ఇది."

నూకరాజు వేలితో అక్షరాలు కూడుకుంటూ చదివి, లేచి నిలబడిపోయాడు. "అమ్మా, ఇది నేను పెద్దోళ్ళ ఎదర చెప్పాలాండి? పంతొమ్మిదేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదండి. నేనెవరికీ ఏమీ చెప్పలేదండి. ఉద్యోగం పోద్దేమోనండి."

"చెప్పకపోతే పోతుంది. అందులోనే రాశారు, చూడు. భయంగా ఉంటే చెప్పకు. నేను తప్పు పట్టను."

అతను నీళ్ళకేసి చూశాడు. "ఓసారి నోటికి చెప్పించండమ్మా," అన్నాడు.

మిగిలిన రోజులన్నీ ఆవిడ అతనిచేత, కొత్త నర్సులచేత ఎముకల పేర్లు వల్లె వేయించినట్టు, పదిహేడో నిబంధన వల్లె వేయించారు.

పదహారో రోజు ఉదయం పది గంటలకి పొక్లెయిను వచ్చింది. వెనక గునపాలతో పద్నాలుగుమంది కూలీలు, షామియానా, కుర్చీలు, కుసుమకుమారిగారు. పద్నాలుగిళ్ళవాళ్ళూ రోడ్డుమీద మంచాలూ బీరువాలూ పెట్టుకుని నిలబడ్డారు. వరహాలమ్మగారు ఫ్రిజ్జుని కౌగిలించుకుని ఏడుస్తున్నారు.

పొక్లెయిను మా సందులోకి తిరిగి, ఎర్ర గుర్తు దాటి, చెయ్యి పైకెత్తింది.

అప్పుడు ఈల వినిపించింది. మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి చెవులు చిల్లులు పడ్డాయి. నూకరాజు కర్ర అడ్డంగా పట్టుకుని యంత్రం ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు.

"పదిహేడో నిబంధన, బి క్లాజు! ప్రకటిత జలాశయమునకు ముప్ఫై మీటర్ల లోపల ఎట్టి యంత్ర వాహనములనూ నడుపరాదు! నడిపినయెడల విధులలోనున్న లస్కరు సదరు వాహనమును అక్కడికక్కడ స్వాధీనపరచుకొనవలెను! అట్లు చేయనియెడల లస్కరు ఉద్యోగమునుండి తొలగింపబడును!" ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళు తెరిచాడు. "ఆయ్, తాళం ఇచ్చెయ్యండి డ్రైవరుగారూ."

డ్రైవరు కుసుమకుమారిగారికేసి చూశాడు. ఆవిడ పుస్తకం తీసి పదిహేడో నిబంధన దగ్గరికి తిప్పారు. చదివారు. ఆవిడ నిజాయితీపరురాలు.

"ఇచ్చెయ్యి," అన్నారు.

నూకరాజు తాళం జేబులో వేసుకున్నాడు. వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

"యంత్రం అక్కర్లేదు. గునపాలతో కూల్చండి," అన్నారు కుసుమకుమారిగారు.

"డి క్లాజండి!" అన్నాడు నూకరాజు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. "సదరు పరిధిలో మట్టి, ఇటుక, రాళ్ళు, సున్నము, శిథిలములు వేయరాదు, పడవేయరాదు, పడనీయరాదు!"

"పడకుండా కూల్చండి," అన్నారావిడ.

మేస్త్రీ గోడని తట్టి చూశాడు. "ఇటిక ఇటికా తీసి చేతిలో పెట్టుకోవచ్చండి. సున్నం రాలకుండా మాత్రం మా తాతల్నించీ ఎవరికీ రాదండి."

"కింద దుప్పట్లు పరవండి."

"ఎఫ్ క్లాజండి. పరిధిలో వస్త్రములు పరచరాదు, ఆరవేయరాదు." నూకరాజు గొంతు ఇప్పుడు కమిషనరుగారి మైకులా మోగుతోంది. "జి క్లాజు, గట్టునకు చేరువలో అయిదుగురికి మించి గుమిగూడరాదు. కూలీలు పద్నాలుగుమందండి. హెచ్ క్లాజు, డేరాలు, షామియానాలు, తాత్కాలిక కట్టడములు ఆక్రమణలండి. తమరు కూర్చున్నదండీ..."

కుసుమకుమారిగారు చటుక్కున కుర్చీలోంచి లేచారు. షామియానా కర్రలకేసి చూశారు, కింద ఎర్ర గుర్తుకేసి చూశారు. గుర్తుకి లోపలే ఉన్నారు. ఆవిడ ఫైలు తీసి, నిలబడే, తన విభాగానికి తనే ఒక నోటీసు రాసుకుని, తనే పుచ్చుకున్నట్టు సంతకం పెట్టారు. వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. వరహాలమ్మగారు ఫ్రిజ్జు వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక రోడ్డుమీద కూలబడి నవ్వారు. ఆ నవ్వు పద్నాలుగిళ్ళకీ అంటుకుంది. కూలీలకి అంటుకుంది. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు.

కుసుమకుమారిగారు మాత్రం నవ్వలేదు. ఎండలో నిలబడి, "కూల్చవలెను. కూల్చరాదు. రెండింటికీ నేనే సంతకం చేశాను," అని మెల్లగా అన్నారు.

మంగాయమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూసి, లోపలికి తీసుకెళ్ళి, నిమ్మకాయ నీళ్ళిచ్చారు. ఆవిడ ఆ రోజు పుచ్చుకున్నారు.

ఫైలు స్పష్టత కోసం పైకి వెళ్ళింది. రెండు నెలలకి స్పష్టత వచ్చింది. 'పై అంశములన్నియూ పరిశీలించిన మీదట, తుది నిర్ణయము వెలువడువరకు సదరు ముప్ఫై మీటర్ల పరిధిలో దేనినీ కూల్చరాదు, కట్టరాదు, కదల్చరాదు.' తుది నిర్ణయం ఎప్పుడని ఎవరూ అడగలేదు. మావాళ్ళు బీరువాలు లోపల పెట్టుకున్నారు. పొక్లెయిను కూడా పరిధిలోనే ఉంది కాబట్టి దాన్నీ కదల్చలేదు. దానిమీద ఇప్పుడు వరహాలమ్మగారు వడియాలు ఎండబెడుతున్నారు. వడియాలు వస్త్రాలు కావు కాబట్టి నూకరాజు ఒప్పుకున్నాడు. వడియాలు పెట్టొచ్చినప్పుడల్లా ఆవిడ రొయ్య తలకాయలు ఓ గిన్నెడు తెచ్చి, మంగాయమ్మగారి పక్కన కూర్చుంటారు. మొదటి రెండు రోజులూ ఏం మాట్లాడలేదు. మూడోరోజునుంచి మాట్లాడుతున్నారు.

పదకొండో నెలలో శశిభూషణంగారికి ఎక్కడో కొండలవైపు బదిలీ అయింది. వెళ్ళేరోజు మధ్యాహ్నం మూడు గంటలకి మా పెరట్లోకి ఒక్కరే వచ్చారు. దండ లేదు, ఫొటోగ్రాఫరు లేడు. చేతిలో చిన్న సంచి, రైలు టిక్కెట్టు.

"అమ్మా, ఓ మాట అడగనా? నేను మీ చేపల్ని ఇంతవరకూ చూడలేదు," అన్నారు. "ఆరోజు వెనక్కి తిరిగి చూద్దామనుకున్నాను. ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు."

మంగాయమ్మగారు ఒక బకెట్టు బోర్లించి గట్టుమీద వేశారు. ఆయన ఇస్త్రీ ప్యాంటు చూసుకుని, ఒక్క క్షణం తటపటాయించి, కూర్చున్నారు. ఆవిడ ఆయన అరచేతిలో కార్జం ముక్క పెట్టారు.

"నీళ్ళకి తగిలించి పట్టుకోండి. వేళ్ళు చాచకండి. కదలకండి."

పచ్చటి నీళ్ళలో కింద ఏదో నల్లగా మళ్ళింది. మొదట రెండు మీసాలు పైకొచ్చి ఆయన మణికట్టుని తడిమి చూశాయి. శశిభూషణంగారు ఊపిరి బిగబట్టారు. తర్వాత చాటంత నోరొకటి తెరుచుకుని, చప్ మని ముక్క అందుకుని, తోకతో ఒక్క దెబ్బ వేసింది. ఆయన చొక్కా, ముఖం, కళ్ళజోడు అంతా నీళ్ళు. "అమ్మో!" అని కేకవేసి వెనక్కి పడబోయి, బకెట్టు పట్టుకుని నిలదొక్కుకుని, పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే చెయ్యి చాపారు.

"ఇంకోటి పెట్టండమ్మా. రెండోది కూడా వస్తుందా?"

"వస్తుంది. దానికి కాస్త అనుమానం ఎక్కువ. ఓపిక పట్టాలి."

వీధిలోంచి డ్రైవరు హారను కొట్టాడు. రైలు మూడూ నలభైకి. ఆయన వినలేదు. బూట్లు విప్పి పక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, బకెట్టు ఇంకాస్త నీళ్ళ దగ్గరికి జరుపుకున్నారు. మళ్ళీ హారను మోగింది. నూకరాజు స్టూలుమీంచి తల తిప్పి, నోటిమీద వేలు పెట్టి డ్రైవరుకి సైగ చేశాడు.

స్టేషనువైపునుంచి రైలు కూత వినబడి, దూరమై, ఆగిపోయింది. శశిభూషణంగారు అరచెయ్యి నీళ్ళకి ఆనించి, కదలకుండా, కరణం కోసం చూస్తున్నారు.